ఊర్మిళాదేవి నిద్ర నేర్చుకోబోయే మనుమరాలికి

రాజమహేంద్రవరం



ఇంటి ఆడవారి నోట తరతరాలుగా నిలిచిన కథాగేయాన్ని, అంటే ఒక కథను మొదటి నుంచి చివరి దాకా పాటగానే నడిపే రచనను, నేర్చుకోవాలన్న చిరంజీవి మనుమరాలి సంకల్పం ఎంతో ముచ్చటైనది. అయితే అచ్చు పుస్తకం ముందు పెట్టుకొని తాతమ్మ పాడే పాటను దిద్దుకుంటూ నేర్చుకోవాలనుకోవడం సరైన పద్ధతి కాదు.

ఏ కథ ఎవరి నుంచి ఎవరికి అందుతుందో ముందు తెలుసుకోవాలి. పూర్వం జంగం కథ అని పేరున్న బుర్రకథలో తంబురా పట్టిన కథకుడు కథ నడుపుతూ ఉంటే, ఇరుపక్కల గుమ్మెట్లు వాయించే వంతలు పల్లవి అందుకుంటారు. అది జీవనాధారమైన వృత్తి కనుక కథ ఎక్కువగా తండ్రి నుంచి కొడుక్కు అందేది. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, కుశలవుల యుద్ధం వంటి స్త్రీల పాటలు కూతురికి తల్లి నుంచి వచ్చినట్టే కోడలికి అత్త నుంచీ వస్తాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురం వైపు కాపురానికి వెళ్లిన ఆడపిల్ల సారెతో పాటు పుట్టింటి పాటనూ తీసుకువెళ్తుంది. అక్కడ అత్తగారి నోటి పాట దాని సరసన చేరుతుంది. ఒకే పాటకు ఇలా నిలిచిన వేరువేరు రూపాలను పండితులు పాఠాంతరాలు అంటారు. ఊర్మిళాదేవి నిద్రకు మన ఇంట ఉన్న రెండు పాఠాంతరాలలో ఈ ఇంటి పెళ్లిళ్ల చరిత్ర ఉన్నది. వాటిని కలిపి ఒకటిగా కూర్చితే ఆ చరిత్ర చెరిగిపోతుంది కనుక, రెండింటినీ విడివిడిగా రాసుకోవాలి.

రాసేటప్పుడు తాతమ్మ 'లచ్చుమన్న' అని పాడితే 'లక్ష్మణుడు' అని సవరించరాదు. మాత్ర అంటే హ్రస్వాక్షరం పలికేంత కాలం. లచ్చుమన్న అనే మాటకు 6 మాత్రలు, లక్ష్మణుడు అనే మాటకు 5. ఆ ఒక్క మాత్ర తగ్గితే తాళం దగ్గర పాట తడబడుతుంది. వ్యాకరణానికి తప్పుగా తోచిన మాట బాణీకి, అంటే పాట నడిచే వరుసకు, ఎన్నోసార్లు ప్రాణమై ఉంటుంది.

ఈ పాటలో అన్నిటికంటే శ్రద్ధగా వినవలసిన ఘట్టం లక్ష్మణుడు తిరిగివచ్చిన రాత్రి. పద్నాలుగేళ్లు నిద్రలో ఉన్న ఊర్మిళ తన పక్కన కూర్చున్న మగవాణ్ణి భర్తగా గుర్తించక, పరస్త్రీని ఆశించినవారికి పట్టిన గతిని చెబుతూ, తండ్రికి తెలిస్తే శిక్ష తప్పదని హెచ్చరిస్తుంది. వనవాసం చేసినవారి కష్టం కావ్యాలు చెప్పాయి. ఇంట ఉండిపోయిన ఆడదాని కష్టాన్ని ఈ పాట సూటిగా చెబుతుంది. అక్కడికి రాగానే తాతమ్మ గొంతు సన్నగిల్లి, చేతితో వేసే తాళం ఆగి, వేళ్లు చీర కొంగును ముడివేస్తాయి. ఆ సంగతిని కూడా కాగితం మీద పెట్టాలి.

రాజమహేంద్రవరం దాపున ఉన్న కొంతమూరుకు చెందిన నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి జానపద గేయాలు సేకరించి, 'మిన్నేరు' వంటి సంపుటాలుగా అందించిన కాలంలో చేతిరాతే ముఖ్యమైన ఆధారం. నేడు సెల్‌ఫోను ఉన్నది కనుక ఆ శ్రమ తగ్గింది. అయితే రాసుకోవడానికి పాటలే తగ్గిపోతున్నాయి. ధాన్యం మిల్లులు వచ్చాక రోలూ రోకలీ మూలపడి, వాటితో పాటు దంపుళ్ల పాటలూ సన్నగిల్లాయి. ఊర్మిళ పాటకు అటువంటి పనితో ముడి లేదు కనుక, వినేవారు పక్కన కూర్చుంటే చాలు, అది ఇంకా పలుకుతుంది.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు, తాతమ్మ మధ్యాహ్నం కునుకు తీసి కాఫీ తాగిన తరువాత పాడమని అడగడం మంచిది. మొదటి రోజు ఫోను బయటకు తీయకుండా వినాలి. రెండవ రోజు పల్లవి దగ్గర గొంతు కలపాలి. మూడవ రోజు నుంచి రికార్డు చేయవచ్చు. పాడుతూ పాడుతూ ఆమె ఆగిపోతే మాట అందించకూడదు. ఒక్కోసారి చాలాసేపు కళ్లు మూసుకొని ఉండి, వెనకటి చరణం మళ్లీ ఎత్తుకొని, ఆ ఊపులో మరచిన మాటను తానే తెచ్చుకుంటుంది.

ఇట్లు,
అమ్మమ్మ