బిడ్డను అప్పగించి వచ్చిన సాయంత్రం

బిజినేపల్లి లాంటి మండల కేంద్రంలో భార్యతోనో భర్తతోనో విడిపోయిన మనిషికి పలకరింపులు కరువు కావు. బస్టాండులో, చాయ్ హోటల్లో, పనిచేసే చోట అందరూ తెలిసినవాళ్లే. కానీ ప్రతి పలకరింపు వెనకా ‘పోరడు ఎవరి దగ్గరుంటుండు?’ అనే ప్రశ్న ఉంటుంది. దానికి జడిసే చాలామంది జనంలోకి రావడం మానేస్తారు. ఒక్క జవాబు సిద్ధం చేసుకోండి: ‘ఇద్దరం చూసుకుంటున్నం.’ అంతకు మించి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

బాధ అన్ని రోజులూ ఒక్కతీరుగా ఉండదు. బిడ్డను అవతలి ఇంట్లో అప్పగించి వచ్చిన రాత్రి, మరుసటి పొద్దు చాలా కష్టం. అందుకే ఏర్పాటు ఆ పూటకే కావాలి. నేరుగా తాళం వేసిన ఇంటికి రాకండి. అక్క ఇంట్లోనో, తోటి ఉద్యోగి ఇంట్లోనో భోజనం ముందే మాట్లాడుకోండి. ‘ఇయ్యాల బిడ్డ అటు పోతది, నీ దగ్గరికి వస్త’ అని అడగడంలో చిన్నతనం లేదు. ఆ రాత్రి బెల్టుషాపు జోలికి మాత్రం పోవద్దు. తెల్లారి డ్యూటీ పోతుంది, రేపు కోర్టులో అదే మీ మీద మాటవుతుంది.

ఇక పని సంగతి. పత్తి, వడ్ల సీజన్‌లో మిల్లులకూ హమాలీలకూ ఆదివారం ఉండదు. సీజన్ మొదలవకముందే మేస్త్రీకో సూపర్‌వైజర్‌కో బిడ్డ వచ్చే రోజులు కాగితం మీద రాసివ్వండి, వాటికి బదులు ఏ రోజులు చేస్తారో కూడా చెప్పండి. కాపురం కథంతా చెప్పనవసరం లేదు. హైదరాబాద్‌కో పుణెకో వలస పోయినవాళ్లు వీడియో కాల్‌కు వేళ ఖాయం చేసుకోవాలి. దూరంగా ఉన్న తల్లికో తండ్రికో ఆ అవకాశం ఉండాలని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కాల్‌లో బడి ముచ్చట, ఆట ముచ్చట అడగండి. అవతలి ఇంటి ఆరా తీయకండి. ‘నువ్వు లేక నాకు బతుకే లేదు’ అని ఏడవకండి. మీ దుఃఖాన్ని మోసే వయసు కాదు పిల్లలది, అది పెద్దవాళ్లకే చెప్పుకోండి.

బిడ్డ గురుకులంలో ఉంటే, కలవడానికి వచ్చేవాళ్లలో ఇద్దరి పేర్లూ రాయించి, ఎవరు ఎప్పుడు పోవాలో ముందే అనుకోండి. గేటు దగ్గర గొడవ పిల్లలు మరిచిపోరు.

మన దగ్గర చాలా విడిపోవడాలు పెద్దమనుషుల పంచాయితీలో, స్టాంపు కాగితం మీద తేలుతాయి. కులాచారం రుజువైతే తప్ప ఆ కాగితం విడాకులు కాదు. పైగా అందులో సామాన్ల లెక్క ఉంటుంది కానీ, బిడ్డ ఏ రోజు ఎక్కడుండాలో చాలాసార్లు ఉండదు. రోజు ఖాయం కాకపోతే ఎదురుచూపులకు అంతుండదు, ఒంటరితనం అక్కడే ముదురుతుంది. ఆ రోజులు ఖాయం చేసుకోవడానికి నాగర్‌కర్నూల్ కోర్టులోని న్యాయసేవా సంస్థను అడగండి. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు, పిల్లలకు న్యాయసాయం ఉచితం. ఫోన్ 15100.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, చావు తలపులు ఒక్కసారి వచ్చినా టెలి మానస్‌కు, 14416కు, ఫోన్ చేయండి. ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి.