బండి పడిన పిదప: బాగుచేయించుటయా, మార్చుటయా?

ఉదయమున మన పాఠశాల గేటువద్ద నిలిచి చూచినచో, బిడ్డలను దింపుటకు వచ్చు కార్లు ఒక చేతి వ్రేళ్లకు సరిపోవును. తక్కినవన్నియు మోటారు సైకిళ్లు, స్కూటర్లే. హోసూరు కార్ఖానాలలో షిఫ్టునకు పోవు తండ్రులు, దారిలో బిడ్డలను మా చేతికి అప్పగించి పోవుదురు. ఈ ఊరి తుంపర వానలలో బండి జారి పడుట వింత సంగతి కాదు. పడినవాడు బండిని మెకానిక్కునకు చూపును. మోకాటికి కట్టు కట్టించుకొనును. ఆ సమయమున తనను కాచిన హెల్మెట్టును, జర్కినును, చేతి తొడుగులను, బూట్లను మాత్రము దుమ్ము దులిపి మరల కొక్కెమునకు తగిలించును. వానిలో ఏది బాగుచేయించి వాడదగినది, ఏది పారవేయదగినది అను విషయమును తలిదండ్రులకు తెలుపుటకే ఈ వ్యాసము. (హెల్మెట్టును పుస్తకములలో శిరస్త్రాణమందురు. మన వీధిలో ఆ మాట ఎవరును అనరు కనుక మేమును అనము.)

ముందుగా మా తప్పును చెప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట ఒక ఆషాఢ మాసపు సాయంకాలము మా బండి జారి, మా తల ఎడమ ప్రక్క రోడ్డు అంచు రాతికి తగిలినది. తలకు చిన్న గాయమైనను కాలేదు. హెల్మెట్టుపై జానెడు గీత పడినది. ఆ గీతపై నల్లరంగు పూసి, దానిపై ఒక స్టిక్కరు అంటించి, ఏడాదిపాటు దానినే ధరించితిమి. పిదప క్రొత్తది కొని, పాతదానిని హెల్మెట్టు లేక తిరుగుచున్న ఒక విద్యార్థి తండ్రికి ఇచ్చితిమి. ఆయన మొహమాటపడినను బలవంతము చేసి ఇచ్చితిమి. దానము చేసితిమన్న తృప్తి కూడ మాకు కలిగినది.

ఎనిమిది నెలలైన తరువాత, విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయులు బలము, ఘాతములను గూర్చిన పాఠమునకు కోసి చూపుటకై ఒక పాత హెల్మెట్టు కావలెననిరి. ఆ తండ్రికి క్రొత్తది కొనియిచ్చి, పాతదానిని తెప్పించితిమి. ఆయనే స్వయముగా తెచ్చి, చూచిపోవుదునని నిలిచెను. ఇనుప రంపముతో నడిమికి కోయగా, కుడి ప్రక్క థర్మోకోలు పొర అంగుళము మందముతో చెక్కుచెదరక యున్నది. ఎడమ ప్రక్క, మేము అంటించిన స్టిక్కరునకు సరిగా వెనుక, అది సగమునకు నలిగి, అట్టవలె గట్టిపడి, నడుమ పగులు వారియున్నది. బిడ్డలు ఉత్సాహముతో ముందుకు వంగి చూచుచుండిరి. ఆ తండ్రి మాత్రము, "అయివారూ, దీన్ని నెత్తిన పెట్టుకోనే గదా పిల్లోణ్ణి ముందర కూర్చోబెట్టుకోని తిరిగింది!" అనెను. మాకు సమాధానము తోచలేదు.

హెల్మెట్టు పని ఎట్టిదో తెలిసినచో ఈ పొరపాటు జరుగదు. పైచిప్ప గట్టిది, అది దెబ్బను ఒకచోట దిగనీయక విశాలముగా పరచును, మొనదేరిన రాతిని లోనికి రానీయదు. అసలు రక్షణ లోపలి థర్మోకోలుది. అది గాలి నిండిన సన్నని పూసల ముద్ద. తల వేగముగా వచ్చి తగిలినప్పుడు ఆ పూసలు నలుగుచు, తలను ఒక్కసారి గాక, కొంచెము కొంచెముగా ఆపును. ఆ నలుగుటలోనే దెబ్బ శక్తి ఖర్చగును. దూదిదిండు నొక్కి వదలిన మరల లేచును. నలిగిన థర్మోకోలు లేవదు. ఒకవేళ కొంత లేచి సమముగా కనబడినను, దాని సత్తువ పోయినట్లే. అదే చోట రెండవ దెబ్బ తగిలినప్పుడు నలుగుటకు అక్కడ ఏమియు మిగిలియుండదు. ఆ దెబ్బ నేరుగా మెదడునకు పోవును.

ఈ జ్ఞానము మానవులకు తేలికగా రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధమున అరబ్బుల పక్షమున పనిచేసి ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్సు, 1935 మే 13న ఇంగ్లండులో, సైకిళ్లపై పోవుచున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి మోటారు సైకిలుపైనుండి పడెను. తలకు రక్షణ లేదు. ఆరు దినములకు మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు ఉండెను. ఆయన తరువాత సైనికుల మోటారు సైకిలు ప్రమాదములను పరిశీలించి, హెల్మెట్టు ప్రాముఖ్యమును గూర్చి 1941లో వ్యాసము ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారు సైకిలు సైనికులకు హెల్మెట్టును విధిగా చేసెను. నలిగి దెబ్బను మ్రింగు లోపలి పొర ఆ తరువాతిది. 1950 దశకపు తొలినాళ్లలో అమెరికాలో దానిని రూపొందించిరి.

కాబట్టి హెల్మెట్టు విషయమున మా నిర్ణయమిది: తల లోపల నుండగా అది నేలకు గాని, రాతికి గాని గట్టిగా తగిలినచో, పైకి గీత చిన్నదైనను, దానిని మార్చవలసినదే. బాగుచేయుట అనునది లేదు. జిగురు, ఎంసీల్, రంగు ఇవి గీతను కప్పును గాని నలిగిన పొరను బాగుచేయవు. పైగా కొన్ని రంగులు, పెట్రోలు, థిన్నరు ప్లాస్టిక్కు చిప్పను బలహీనపరచును. బండి సీటుపైనుండి ఖాళీ హెల్మెట్టు దొర్లి పడుట వేరు సంగతి. లోపల తల బరువు లేదు గనుక సాధారణముగా పెద్ద హాని యుండదు. అయినను లోపలి గుడ్డను తీసి, థర్మోకోలును రెండు ప్రక్కల వ్రేలితో నొక్కి పోల్చి చూడవలెను. ముందరి అద్దము గీతలు పడిన, అద్దమొక్కటే మార్చిన చాలును. గడ్డము క్రింది పట్టీ పోగులు లేచినను, బొత్తము సరిగా పట్టకున్నను హెల్మెట్టునే మార్చుడు. ప్రమాదమేదియు లేకున్నను అయిదేండ్లకు మార్చుట మేలని తయారీదారులే చెప్పుచున్నారు.

తక్కిన వస్తువుల విషయమున ఇంత కాఠిన్యము అక్కరలేదు. తోలు జర్కిను రోడ్డుపై రాసికొనిపోయి పైపొర మాత్రమే గరుకైనచో, దానిని వాడవచ్చును. కుట్టు విడిపోయినచో మోచీ చేత గట్టి నైలాను దారముతో రెండు వరుసలు కుట్టింపుడు; నూలుదారము వలదు, అది రోడ్డు రాపిడికి నిలువదు. అయితే భుజము, మోచేయి, తుంటి చోట్ల తోలే పలుచనైనను, రంధ్రము పడినను, అతుకును నమ్మరాదు. మరల పడునది కూడ ఆ చోట్లనే. గుడ్డ జర్కిను రాపిడి వేడికి కరగి చిల్లు పడినచో అతికించి ప్రయోజనము లేదు. లోపలి మెత్తలు పగిలిన, మెత్తలను మాత్రము విడిగా కొని అమర్చుకొనవచ్చును. జర్కినును పారవేయ నక్కరలేదు. చేతి తొడుగుల అరచేతి భాగము అరిగిన మార్చుడు. పడబోవువాడు మొదట చాచునది అరచేతినే. బూటు అడుగు ఊడిన కుట్టించవచ్చును; చీలమండవద్ద గట్టి పలక విరిగిన బూటునకు ఆయువు తీరినట్లే.

ఖర్చు మాటయేమి అని కొందరు తలిదండ్రులు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. నెల చివర వేయి రూపాయలు ఎవరికిని తేలిక కాదు. మా యభిప్రాయము, బండి పడిన పిదప చేతనున్న మొదటి డబ్బు హెల్మెట్టునకు పోవలెనని. సొట్టపడిన మడ్‌గార్డు, గీతలు పడిన పెట్రోలు ట్యాంకు ఆరు నెలలు ఓర్చుకొనును. వేయి రూపాయల లోపుననో, కొంచెము పైననో ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్లు లభించుచున్నవి. ఆ ముద్ర లేనివానిని 2021 జూన్ 1 నుండి అమ్మరాదని ప్రభుత్వ నియమము. రోడ్డు ప్రక్కన కుప్పపోసి అమ్మువానిలో ముద్ర వెదకి కొనుడు. బిడ్డ తలకు పెద్దవారిది పనికిరాదు. వదులుగా నున్నది పడునప్పుడు ముందే ఊడిపోవును. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ, నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని హెల్మెట్టు విధించినది. ఒకటవ తరగతి బిడ్డయు అందు చేరును.

మరియొక మాట. పనికిరాని హెల్మెట్టును పాతసామానులవానికి అట్లే వేయకుడు. అతడు తుడిచి అమ్మును, కొనువాడు మనవంటివాడే. తమ్మునికో పనివానికో ఇచ్చుటయు, మేము చేసిన దానమువంటిదే యగును. ముందుగా కత్తెరతో గడ్డపు పట్టీని రెండు వైపుల కోసివేయుడు. మేము కోసిన హెల్మెట్టు రెండు చెక్కలును విజ్ఞానశాస్త్రపు గదిలో బల్లపై నున్నవి. బిడ్డను దింపివచ్చినప్పుడు అయిదు నిమిషములు లోనికి వచ్చి, ఎడమ చెక్కను వ్రేలితో నొక్కి చూడుడు.