బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టకు తల్లీ

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ట్రంకు పెట్టెలో ఉన్న తాతయ్య ఉత్తరాలు, ఫోటోలు అన్నీ ఈ శని, ఆదివారాల్లో స్కాన్ చేసేసి కాగితాలు పారేస్తానన్నావు. అది చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పైగా ఫైలు చిన్నదవుతుందని బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టావట. ఈ జాబు ముఖ్యంగా దాని గురించే.

ఆ మోడ్‌లో స్కానరుకు మధ్య ఛాయలు ఉండవు. కాస్త ముదురైతే సిరా, కాస్త లేతైతే కాగితం అని తేల్చేస్తుంది. మీ తాతయ్య సిరా వెలిసి గోధుమరంగుకు వచ్చింది, ఆయన ఒత్తులు వెంట్రుకంత సన్నం. ‘ష’ పొట్టలో గీత ఎగిరిపోతే ‘ప’ మిగులుతుంది. గ్రేస్కేల్‌లో ఒక్కో చుక్కకు 256 ఛాయలుంటాయి. రంగులో అయితే 24 బిట్లు, అంటే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగులు. సిరా ఏదో, మరక ఏదో రంగులోనే తెలుస్తుంది. రంగులోనే చెయ్యి.

నేను బెజవాడలో ప్రెస్సులో చేరిన కొత్తలో గీతబొమ్మలకు లైన్ బ్లాకు, ఫోటోలకు హాఫ్‌టోన్ బ్లాకు చేయించేవాళ్లం. హాఫ్‌టోన్‌లో స్క్రీను పెట్టి ఫోటోను చిన్నా పెద్దా చుక్కలుగా విడగొడతారు, ఛాయలన్నీ అలా నిలబడతాయి. ఒకసారి ఎవరో సంస్మరణ సంచికకు ఖర్చు తగ్గుతుందని పోయినాయన ఫోటోను లైన్ బ్లాకు చేయించారు. చెంపలూ నుదురూ తెల్లగా పోయి మీసం, కళ్లజోడు మిగిలాయి. ఆయన భార్య పేజీ చూసి, “ఎవరిదిది?” అని అడిగింది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. 176 అడ్డం, 176 నిలువు చుక్కలు. ఒక్కోటీ నలుపో తెలుపో. ఛాయలు రావాలని నలుపు తెలుపుల మధ్య హద్దు మార్చి మార్చి స్కాన్ చేసి, వాటిని కలిపాడు. ఆయనకే చాలనిది మనకెలా చాలుతుంది?

నీకు దుమ్ము పడదు, ముక్కుకు గుడ్డ కట్టుకో. రాత్రిళ్లు మేలుకుని చేయకు.

ఉత్తరాలకు 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, చాలు, ఫోటోలకు 600 పెట్టు. డీపీఐ రెట్టింపైతే చుక్కలు అడ్డంగానూ నిలువుగానూ పెరిగి ఫైలు నాలుగింతలవుతుంది. అయినా 4×6 అంగుళాల ఫోటో రంగులో, 600 దగ్గర, 26 ఎంబీ లోపే. స్కానరు డబ్బా మీది పెద్ద అంకెను నమ్మకు, ‘ఆప్టికల్’ అన్నదే చూడు; మిగతాది యంత్రం ఊహించి పూరించే చుక్కలు. దాచుకోవడానికి టిఫ్, పంచడానికి జేపెగ్. జేపెగ్‌ను మార్చి భద్రపరిచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.

ఒక్క కాగితమూ పారేయకు. దసరాకు నేనే వస్తాను, ఫోటోల పని ఇద్దరం కలిసి చేద్దాం. ఈలోగా తాతయ్య ఉత్తరం ఒకటి రంగులో చేసి పంపు, చూసి చెబుతాను. వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపు.

మీ పెద్దమ్మ నిన్ను అడిగానని రాయమంది.

నీ పెదనాన్న