మెరక – పల్లం

వరిపైరుకు నీరు ఎంత అవసరమో, ఆ నీరు మడి అంతటా ఒకే లోతున నిలవడం కూడ అంతే అవసరం. నీరు పల్లమెరుగునని సామెత. మడిలో ఒక మూల మెరకగాను, మరొక మూల పల్లంగాను ఉన్నప్పుడు రైతు ఎంత నీరు పెట్టినా అది ముందు పల్లానికే చేరుతుంది. పల్లం నిండిన తరువాతగాని మెరకకు అందదు. నేలను దాని ఎత్తును బట్టి గుర్తించడం తెలుగు రైతులకు ఎంత పాత అలవాటో వారి మాటలే చెబుతాయి. మెట్ట, మెరక, దిబ్బ, పల్లం అనే పేర్లన్నీ భూమి ఎత్తును బట్టి పుట్టినవే. మాగాణిని శాసనాలు ‘నీరునేల’ అన్నాయి. ఎంత పొందికైన మాట! అయితే నేల చదునుగా లేనిదే నీరు సమంగా నిలవదు.

చదును విలువ ఎంతటిదో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఎకరం వైశాల్యం సుమారు 4,047 చదరపు మీటర్లు. అందులో ఒక సెంటీమీటరు లోతున నీరు నిలపడానికి దాదాపు 40 వేల లీటర్లు కావాలి. అంటే 5 సెంటీమీటర్ల నీటికి 2 లక్షల లీటర్లు. అదే ఎకరంలో సగభాగం తక్కిన సగంకంటె 10 సెంటీమీటర్లు పల్లంగా ఉన్నదనుకుంటే, మెరకమీద 5 సెంటీమీటర్లు నిలవడానికి పల్లంలో 15 సెంటీమీటర్లు నిలవాలి. అప్పుడు ఒక్కసారి మడి నింపడానికే 4 లక్షల లీటర్లు పడుతుంది. ఖర్చయిన నీరు రెట్టింపు. అందువల్ల అదనంగా పండే గింజ ఒక్కటీ లేదు. బోరుబావి కింద సేద్యం చేసే రైతుకు అది భూగర్భజలాన్ని వృథాగా తోడిపోయడమే. కాలువ కింద అయితే ఆ వృథా అయిన నీరు చివరి ఆయకట్టు రైతుకు దక్కవలసినది.

నష్టం నీటితో ఆగదు. మెరకమీద నీరు నిలవక ఊద, తుంగ వంటి కలుపు మొక్కలు విజృంభిస్తాయి. తడి ఆరుతూ మళ్లీ తడుస్తూ ఉండటంవల్ల వేసిన నత్రజనిలో కొంత వాయురూపంలో పోతుంది. పల్లంలో నాటిన లేతనారు మునిగి కుళ్లుతుంది. బతికిన పైరు పిలకలు వేయదు. నారు పోసి నాటే పద్ధతిలో ఈ తేడా కొంతవరకు మరుగునపడుతుంది గాని, విత్తనాన్ని నేరుగా వెదజల్లే పద్ధతిలో మడిలోని ప్రతి గుంటా, ప్రతి మిట్టా మొలకల్లోనే బయటపడుతుంది. చౌడు నేలల్లో మరొక చిక్కు ఉన్నది. నీరు ఆవిరి అవుతున్నకొద్దీ లవణాలు మిట్టలమీదికి చేరి తెల్లగా పేరుకుంటాయి. అందుకే చౌడు బాగుచేయడంలో మొదటి పని నేలను చదును చేయడమే.

పూర్వం ఈ పనికి రైతు వాడిన కొలబద్ద నీరే. దమ్ముచేసేటప్పుడు మడిలో పలుచగా నీరు నింపితే మిట్టలు పైకి తేలి కనిపిస్తాయి. ఎడ్లకు కట్టిన దమ్ముచెక్కమీద మనిషి నిలబడి, ఆ మిట్టలలోని బురదను గుంటలవైపు లాగించేవాడు. తాపీపనివాడికి రసమట్టం ఎలాంటిదో మాగాణి రైతుకు మడిలోని నీరు అలాంటిది. కాని ఆ పద్ధతి చిన్న మడికే చాలుతుంది. ఎకరంలో సగం 10 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే, దానిని సరిచేయడానికి ఆ సగంనుంచి 5 సెంటీమీటర్ల మందాన మట్టిని తీసి రెండవ సగంలో పరచాలి. ఆ మట్టి సుమారు 100 ఘనపు మీటర్లు. బరువు నూరు టన్నులకు పైమాటే. ఒక జత ఎడ్లు ఒక పూటలో లాగగలిగిన పని కాదది. అందువల్లనే రైతులు వాలు ఉన్న భూమిని చిన్న చిన్న మళ్లుగా విడగొట్టి, నడుమ గట్లు వేసుకున్నారు. గట్టు అంటే కేవలం సరిహద్దు కాదు. తీయలేకపోయిన మట్టికి చేసుకున్న సర్దుబాటు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలినప్పుడు ఈ సమస్య పెద్దయెత్తున ఎదురైంది. అంతవరకు వానమీద ఆధారపడి మెట్టపంటలు పండించిన భూములు మాగాణులు కావలసి వచ్చాయి. నీరు పొలం దాకా వచ్చినా, దానిని నిలుపుకొనేందుకు నేల సిద్ధంగా లేదు. దేశంలోని అనేక ప్రాజెక్టులలో ఇదే కొరత ఉండటంతో, 1974-75లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమంలో భూమి చదునుకు ముఖ్యస్థానం లభించింది.

ట్రాక్టరు రావడంతో మట్టిని తరలించే బలం రైతు చేతికి వచ్చింది. పరికరాన్ని ట్రాక్టరు వెనుక మూడుచోట్ల బిగించి, చమురు ఒత్తిడితో ఎత్తడానికీ దించడానికీ వీలైన ఏర్పాటు 1930లలో హ్యారీ ఫెర్గూసన్ కృషివల్ల వ్యాప్తిలోకి వచ్చింది. నేడు పల్లెల్లో కనిపించే బ్లేడు ఆ విధంగా బిగించేదే. దానికి బలమున్నది గాని చూపు లేదు. ట్రాక్టరు ముందుచక్రాలు మిట్ట ఎక్కితే వెనుకనున్న బ్లేడు నేలలోకి దిగుతుంది. గుంటలో దిగితే పైకి లేస్తుంది. ఆరితేరిన డ్రైవరు ఆ తేడాను చేతితో సర్దుకుంటాడు. తక్కినవారు తోలిన పొలం దూరానికి చదునుగా కనిపించినా, నీరు పెట్టిననాడు అలలు అలలుగా తేలుతుంది.

ఆ చూపును సమకూర్చినది లేజరు. 1960లో థియోడర్ మైమాన్ తొలి లేజరును వెలిగించిన తరువాత కొద్ది దశాబ్దాలలోనే అది పొలాలకు చేరింది. మనదేశంలో లేజర్ లెవెలరు 2001లో పశ్చిమ ఉత్తరప్రదేశ్ రైతుల పొలాలలో ప్రవేశించింది. అది పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. గట్టుమీద ముక్కాలిపీటపై నిలిపిన ట్రాన్స్‌మిటరు గిరగిర తిరుగుతూ కిరణాన్ని చుట్టూ ప్రసరింపజేస్తుంది. అంటే పొలం మీద కంటికి కనిపించని ఒక చదునైన కాంతితలం పరచుకుంటుందన్నమాట. ట్రాక్టరు లాగే బకెట్టుకు సొంత చక్రాలుంటాయి. దానిపై నిలిపిన కమ్మికి రిసీవరు ఉంటుంది. బకెట్టు మిట్ట ఎక్కగానే రిసీవరు కిరణంకంటె పైకి పోతుంది. వెంటనే కంట్రోల్ బాక్సు బకెట్టును దించుతుంది. అది మట్టిని కోసుకుంటుంది. గుంటమీదికి రాగానే బకెట్టు లేచి మట్టిని వదులుతుంది. ముందుగా పొలంలో అనేకచోట్ల ఎత్తులు కొలిచి, వాటి సగటుకు యంత్రాన్ని సరిపెడతారు. ఎండాకాలంలో, పొడిదుక్కిలోనే ఈ పని సాగుతుంది. పని ముగిసేసరికి పొలంలో హెచ్చుతగ్గులు దాదాపు 2 సెంటీమీటర్లలోపుకు వస్తాయి.

అయితే యంత్రానికి ఎత్తు తెలుసుగాని మట్టి తెలియదు. పంటకు బలమిచ్చే పైమన్ను జానెడు మందమే. మిట్టను కోసినప్పుడు ఆ మన్ను పల్లానికి చేరి, మిట్ట ఉన్నచోట సారంలేని అడుగుమట్టి బయటపడుతుంది. కొత్తగా చదునుచేసిన పొలంలో మొదటి ఏడాది కొన్ని చోట్ల వరి ఎర్రబారి గిడసబారడానికి కారణం తరచుగా ఇదే. అక్కడ జింకు లోపం అధికం. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయడం, పశువుల ఎరువు ఎక్కువగా తోలడం, జీలుగ లేదా జనుము పెంచి కలియదున్నడం దీనికి విరుగుడు. చెరువుమన్ను దొరికితే మరీ మేలు. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడికమట్టిని రైతులు తమ పొలాలకే తోలుకున్నారు. మిట్ట మరీ ఎత్తుగా ఉంటే పైమన్నును ముందుగా ఒక పక్కకు తీసి కుప్పపోసి, అడుగుమట్టిని సర్ది, ఆ మన్నును తిరిగి పరచడం ఉత్తమమైన పద్ధతి. ఖర్చు హెచ్చు కనుక దీనిని పాటించేవారు తక్కువ.

ఖర్చు మాట వచ్చినప్పుడు కౌలురైతును మరువరాదు. చదును ఫలం ఒక్క పంటతో ముగియదు, మూడు నాలుగేళ్లు నిలుస్తుంది. ఒక ఏడాదికి కౌలు మాట్లాడుకున్నవాడు పరుల పొలంలో ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? పట్నంలో స్థిరపడిన భూయజమానికి మెరక ఎక్కడో, పల్లం ఎక్కడో తెలియదు. కమతాలు చిన్నవైతే యంత్రం తిరగడానికే చోటు చాలదు. గట్టు తీసి రెండు మళ్లను కలిపితే పని సులువవుతుంది. కాని అన్నదమ్ముల నడుమనున్న గట్టయితే, దానిని తీయించడం లేజరు వల్ల అయ్యే పని కాదు.