బస్సు లేని ఊరి వాయిదా

నెల్లూరు,
ఆదివారం పొద్దున

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట నీ సంగతే చెప్పింది. నీ డ్రగ్ కోర్టు ప్రోగ్రామ్‌లో ఉన్న ఒకావిడకి మూత్ర పరీక్ష టైం దాటిపోతోందని, మంచు కురుస్తుంటే నీ కార్లో ఎక్కించుకుని ల్యాబుకి తీసుకెళ్లావట గదా. మాకు నువ్వు చెప్పలేదు, మీ పిన్ని కూతురు చెప్పింది. ఆ పిల్లని తిట్టబాకు. నీ మీద ప్రేమతోనే చెప్పింది.

మీ అమ్మ భయం వేరు, నా భయం వేరు. మత్తుమందులకి అలవాటు పడినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుంటే ఏం చేస్తారోనని ఆమె భయం. కోర్టులో ఇన్నేళ్లు పనిచేశాను, నాకా భయం లేదు. నా భయమంతా నువ్విచ్చే రిపోర్టు గురించి. వారం తిరక్కుండానే జడ్జి, ప్రాసిక్యూటరు, డిఫెన్సు లాయరు, ప్రొబేషన్ ఆఫీసరు, ట్రీట్‌మెంట్ వాళ్లు అందరూ కూర్చునే మీటింగులో కేసు మేనేజరుగా ఆవిడ గురించి మాట్లాడాల్సింది నువ్వే. కారెక్కాక మనిషి మనసు విప్పుతుంది. ఆవిడ చెప్పినదాంట్లో ఏది ఆ బల్ల మీద పెడతావు, ఏది నీ దగ్గర దాచుకుంటావు? పెడితే ఆవిడకి ద్రోహం, దాస్తే కోర్టుకి ద్రోహం. పైగా రేపు ఇంకొకతను, ‘ఆవిణ్ని తీసుకెళ్లారు, నన్నెందుకు తీసుకెళ్లరు’ అంటే ఏం చెబుతావు? అందుకని, సొంత కార్లో ఎవరినీ ఎక్కించుకోబాకు. ఇది మొదటి మాట.

ఇంత చెప్పి, ‘మరి ఆవిడ ఎట్టా రావాల?’ అని అడక్కపోతే నేను మామయ్యనే కాదు. రాత్రంతా అదే ఆలోచన. మీ అత్త లేచి, ఒహాయో బస్సులతో మీకేం పని, పడుకోండి అని లైటు తీసేసింది.

నువ్వు చెప్పిన లెక్క మళ్లీ వేసి చూశాను. మొదటి దశలో ఉన్న మనిషికి వారానికి తక్కువలో తక్కువ రెండు మూత్ర పరీక్షలు, గ్రూపు మీటింగులు, కౌన్సెలరు, ప్రొబేషన్ ఆఫీసరు, పదిహేను రోజులకోసారి జడ్జి. వీటి మధ్యలో ఉద్యోగం వెతుక్కోవాల. తాగి బండి నడిపిన కేసైతే లైసెన్సు ముందే పోయి ఉంటుంది. ఊరికి బస్సు లేదు. ఫోన్ చేస్తే వచ్చే కౌంటీ వ్యాను ఉందిగానీ ముందే బుక్ చేసుకోవాల. పేదల వైద్య బీమా మెడికెయిడ్ వాళ్ల వ్యాను ఆస్పత్రికీ, ట్రీట్‌మెంటుకీ తీసుకెళ్తుంది, కోర్టుకీ ప్రొబేషన్ ఆఫీసుకీ తీసుకెళ్లదు, అవి వైద్యం కాదు గదా. ఇక టెస్టు సంగతి. పొద్దున్నే ఒక నంబరుకి ఫోన్ చేసి తనకిచ్చిన రంగు పిలిచారో లేదో వినాల, పిలిస్తే ఎనిమిది గంటల్లోపు వెళ్లి ఇవ్వాల. ముందే తెలిస్తే మోసం చేస్తారని మీవాళ్లు ముందు చెప్పరు, వ్యానువాళ్లేమో ముందే చెప్పమంటారు. మధ్యలో ఆ మనిషి. వెళ్లకపోతే పాజిటివ్ కిందే రాసుకుంటారు. ఇందులో ఆవిడ తప్పెక్కడుందో నాకు చూపించు.

నువ్వు పంపిన డ్రగ్ కోర్టుల బెస్ట్ ప్రాక్టీస్ స్టాండర్డ్స్ పుస్తకం మనవడితో ప్రింటు తీయించుకుని నాకర్థమైనంత చదివాను. మంచి పుస్తకమే. మొదట్లోనే మత్తు మానెయ్యడం వ్యసనపరుడి వల్ల కాదు, కాబట్టి దానికి పెద్ద శిక్ష వద్దన్నారు. రమ్మన్న చోటికి రావడం, నిజం చెప్పడం మాత్రం ఎవరైనా చెయ్యగలిగినవి, వాటిలో తప్పితే గట్టిగా ఉండమన్నారు. ఎంత తెలివైన మాట! రాసినవాళ్లకి నమస్కారం. కానీ నీ కౌంటీలో రావడం చేతిలో ఉన్న పనేనా? కారున్నవాడికి అవును. లేనివాడికి మత్తు మానడం కన్నా టైముకి రావడమే కష్టం కావచ్చు. ఈ ఒక్క మాట మీ మీటింగులో నువ్వు తప్ప చెప్పేవాళ్లు లేరు. ప్రొబేషన్ ఆఫీసరు ‘రాలేదు’ అని చెబుతాడు, అది ఆయన పని. ఎందుకు రాలేదో చెప్పాల్సింది కేసు మేనేజరు.

నేను కాపీయిస్టుగా చేరిన కొత్తలో మా కోర్టులో బెంచి క్లర్కుగా ఒక ముసలాయన ఉండేవారు. పొడుం వాసన, ముక్కు మీదకి జారే కళ్లద్దాలు. మెట్ట ఊళ్ల నుంచి వచ్చే బస్సు పదకొండున్నరకి గానీ రాదు, కోర్టేమో పదిన్నరకి మొదలు. ఆయన పొద్దున్నే వాయిదాల జాబితా ముందేసుకుని దగ్గరూళ్ల పేర్లన్నీ పైకి, మెట్ట ఊళ్ల పేర్లన్నీ కిందికి సర్దేవారు. డవాలా బంట్రోతు ఇంకా గడుసువాడు. పేరు కేకేసే ముందు వసారాలోకొచ్చి రోడ్డు వైపు చూసేవాడు, బస్సు దుమ్ము కనపడకపోతే లోపలికొచ్చి దగ్గుతూ నిలబడేవాడు. ఆ దగ్గు వింటే జడ్జిగారు పక్క కేసు తీసేవారు. బస్సు అసలే రాకపోతే వకీలు ముద్దాయి గైర్హాజరుని మన్నించమని 317 పిటిషన్ పడేసేవాడు, ఇప్పుడు కొత్త చట్టంలో దాని నంబరు మారిందనుకో. ఆ ముసలాయన రిటైరయ్యాక వచ్చినాయన జాబితాని నంబర్ల వరసలోనే పిలిపించాడు. పద్ధతి ప్రకారం ఆయనదే కరెక్టు. ఆ ఏడాది వారెంట్లు రాసి రాసి నా వేళ్లు కాయలు కాశాయి.

నీకు నవ్వొస్తుందేమో. మయామిలో 1989లో ఆ మొదటి డ్రగ్ కోర్టు పెట్టినవాళ్లకి మా బంట్రోతు దగ్గు తెలియదు. అయినా చేసిన పని ఒకటే, మనిషి కోర్టు దాకా రాగలిగేట్టు కోర్టే కాస్త జరగడం.

అన్నం తింటున్నావా? మధ్యాహ్నాలు కార్లో కూర్చుని చిప్సు తింటున్నావని కూడా మీ పిన్ని కూతురే చెప్పింది.

మన దగ్గరా ఈ డ్రగ్ కోర్టు లాంటిది కాగితం మీద ఉంది. 1985 నాటి మత్తుమందుల (ఎన్‌డీపీఎస్) చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం, కొద్దిపాటి సరుకుతో దొరికిన వ్యసనపరుణ్ని, తను ఒప్పుకుంటే, జైలు బదులు చికిత్సకి పంపొచ్చు, ఏడాదిలోపు రిపోర్టు తెప్పించుకోవచ్చు. నా సర్వీసులో ఆ సెక్షన్ కింద ఒక్క ఆర్డరు కూడా నా చేతుల మీదుగా పోలేదు. పంపితే వెంట ఎవరుంటారు? నీలాంటి ఉద్యోగం ఇక్కడి కోర్టులో లేదు తల్లీ. అందుకే నీ పనంటే నాకు ఇంత గర్వం, ఇంత చాదస్తం.

వెంట ఎవరూ లేకపోతే ఏమవుతుందో నేను చూశాను. సారా ఉద్యమం రోజుల సంగతి నీకు అమ్మమ్మ చెప్పే ఉంటుంది. 1992లో దూబగుంటలో రోశమ్మా వాళ్లు మొదలుపెట్టాక మన ఊళ్లోనూ ఆడవాళ్లు సారా ప్యాకెట్లు నడిరోడ్డు మీద తగలబెట్టారు. మీ అమ్మమ్మ చీపురు పట్టుకుని ముందు వరసలో ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. 1995లో అన్ని మద్యాలూ బంద్ చేశారు, రెండేళ్లకే సడలించారు. అది వేరే కథ. మన వీధి సారా కొట్టు మూసిన రెండో నాడు ఒకాయనకి వణుకు పట్టుకుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుపులు. ఊరేగింపులో జెండా పట్టుకున్న ఆయన భార్యే మా అమ్మ దగ్గరికొచ్చి, ‘కొట్టయితే మూయించాం, ఈ మనిషిని ఏం చేసుకోవాలక్కా?’ అనడిగింది. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానితే ఫిట్సు వచ్చి ప్రాణమే పోవచ్చని మాకప్పుడు తెలియదు. పాలవ్యానులో పడుకోబెట్టి నెల్లూరుకి తీసుకెళ్లాం. చూశావా, అక్కడా బండే కావాల్సి వచ్చింది! తిరిగొచ్చాక ఆయన్ని మళ్లీ ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది పాటు బాగానే ఉన్నాడు.

మీ నాన్న సంగతి తవ్వను. ఈ ఉద్యోగం నువ్వెందుకు ఎంచుకున్నావో నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు.

ఇక చెయ్యాల్సిన పని. లైసెన్సు పోయినవాళ్లకి ట్రీట్‌మెంటుకీ, కోర్టుకీ, ఉద్యోగానికీ వెళ్లే మటుకు బండి నడుపుకునే పరిమిత అనుమతి మీ ఒహాయో కోర్టులు ఇవ్వొచ్చన్నావు. ఎవరెవరికి అడగొచ్చో డిఫెన్సు లాయరుతో కూర్చుని పేరుపేరునా చూడు. బహుమతులుగా కూపన్లు ఇస్తున్నారు గదా, వాటి బదులు పెట్రోలు కార్డో, ఊబర్ ఖర్చో ఇవ్వమని కోఆర్డినేటరుని అడుగు. దూరం వాళ్ల ప్రొబేషన్, కోర్టు, గ్రూపు ఒకే రోజున పడేట్టు చూస్తే మూడు ప్రయాణాలు ఒకటవుతాయి. మొదటిసారి కూర్చోబెట్టి వివరాలు రాసుకునేటప్పుడు, ఏం తాగుతావు, ఎప్పటి నుంచి అని అడిగే చోటే ‘ఇక్కడికి ఎట్టా వచ్చావు, రేపు ఎట్టా వస్తావు, ఆ బండి ఎవరిది’ అని కూడా అడిగి రాసుకో. బండి గనక పాత సావాసగాడిదైతే, టెస్టుకి తీసుకొచ్చేవాడే మందూ తెస్తాడు. ఇది చిన్న విషయం కాదమ్మా.

ఇంకో మాట. శిక్షగా జైలుకి పంపితే కొద్ది రోజులకి మించొద్దని మీ పుస్తకంలోనే ఉంది. బయటికొచ్చే రోజు నువ్వు జాగ్రత్తగా ఉండాల. మాని కొన్నాళ్లయిన ఒంటికి పాత మోతాదే ఎక్కువైపోతుంది. మోతాదు మించినప్పుడు కొట్టే నార్కాన్ స్ప్రే ఇప్పుడు చీటీ లేకుండా షాపుల్లోనే దొరుకుతుందన్నావు గదా. ఇంట్లోవాళ్ల చేతికి ఒకటి ఇప్పించు, వాడటం చూపించు. జైల్లో ఉన్న ఆ కొద్ది రోజులూ వ్యసనానికిచ్చే బ్యూప్రెనార్ఫిన్ మాత్ర ఆగకుండా చూడమని ముందే ఫోన్ చెయ్యి. విడుదల ఏ గంటకి, ఇంటికి తీసుకెళ్లేదెవరు అన్నది కూడా ముందే కనుక్కో. మళ్లీ బండి దగ్గరికే వచ్చానా? వస్తాను. అర్ధరాత్రి విడుదలై చలిలో నిలబడ్డవాడి ముందు ఎవడి కారు ఆగుతుందో వాడిదే ఆ రాత్రి.

నాతో ఇన్ని విషయాలు చెప్పావుగానీ ఒక్కసారి కూడా ఎవరి పేరూ, ఊరూ చెప్పలేదు. ఫెడరల్ చట్టం ఒప్పుకోదు మామయ్యా అన్నావు. నాకెంత సంతోషమైందో! మీ అమ్మ మాత్రం ‘ఆ ఆడమనిషి ఎవరో అడుగన్నయ్యా’ అంటోంది. నువ్వు చెప్పబాకు.

రాత్రి ఎనిమిది దాటాక ఆ ఆఫీసు ఫోన్ ఆపెయ్. అత్యవసరానికి వాళ్ల దగ్గర వేరే నంబరుంటుంది. నువ్వు పడుకో.

ఎదురింటి మాస్టారి అబ్బాయి వచ్చే నెల కొలంబస్ వస్తున్నాడు. చింతకాయ పచ్చడి, కందిపొడి, మీ అత్త చేసిన అరిసెలు అతనితో పంపుతున్నాం. అతనికింకా కారు లేదట. అక్కణ్నుంచి మీ ఊరికి ఏ బస్సుందో, ఎన్ని గంటలకో కనుక్కుని రాయి. లేకపోతే ఆదివారం నువ్వే వెళ్లి తెచ్చుకో. అతన్ని కార్లో ఎక్కించుకోవచ్చు, పరవాలేదు.

నీ మామయ్య