నీసు మానిన నెల

విశాఖపట్నంలో రైల్వే యార్డులకూ, పారిశ్రామికవాడకూ చేరువగా విస్తరించిన పేట కంచరపాలెం. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుండి పని వెదుక్కుంటూ ఈ నగరానికి వచ్చిన పల్లె కుటుంబాలు అనేకం ఇటువంటి పేటలలోనే స్థిరపడినవి. రేవు కూలీలు, రైల్వే కార్మికులు, ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు, చిల్లర వర్తకులు ఇక్కడ పక్కపక్క ఇళ్లలో నివసిస్తారు. ఉత్తరాంధ్రలో చేపనూ, మాంసాన్నీ కలిపి ‘నీసు’ అని వ్యవహరిస్తారు. ఆదివారం నాడు నీసు వండని ఇల్లు ఇక్కడ అరుదు. అటువంటి పేటలో కార్తికమాసం ప్రవేశించగానే మాంసం దుకాణాల ముందు రద్దీ పలచబడుతుంది. కిరాణా దుకాణాలలో మీల్ మేకర్ పొట్లాలకు గిరాకీ పెరుగుతుంది.

మీల్ మేకర్ అనేది మన నాలుకకు ఎంత అలవాటైనదంటే, అది రెండు ఆంగ్ల పదాల కూర్పు అన్న సంగతి కూడా చాలామందికి స్ఫురించదు. ‘భోజనాన్ని తయారుచేసేది’ అని దాని అర్థం. డాల్డా, సర్ఫ్ అనే మాటల వలెనే వ్యాపారనామం కాస్తా జాతివాచకమై కూర్చున్నది. ఆ పేరులో సోయా చిక్కుడు ప్రసక్తి లేదు. మాంసం ప్రసక్తీ లేదు. విచిత్రమేమంటే, దానిలోని ప్రధాన పోషకానికి మన పాఠ్యపుస్తకాలు పెట్టుకున్న పేరు ‘మాంసకృత్తు’. మాంసాన్ని నిర్మించేది అని దాని వ్యుత్పత్తి. ఆంగ్లనామం దాచిన సంగతిని తెలుగు పేరు బయటపెట్టినది.

సోయా గింజల నుండి నూనె తీయగా మిగిలిన పిండియే దీనికి ముడిసరుకు. ఆ పిండిని నీటితో తడిపి, మరచుట్టు తిరిగే ఒక లోహపు గొట్టంలోనికి పంపి, తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ గురిచేస్తారు. ఆ వేడికి మాంసకృత్తుల అణువులు విడివడి, గొట్టం వెంట సాగి, మరల పీచువలె అల్లుకొంటాయి. గొట్టం చివరి రంధ్రం నుండి వెలుపలికి వచ్చినంతనే ఒత్తిడి తొలగి, లోని నీరు ఆవిరిగా ఎగసిపోతుంది. ఆవిరి విడిచిన ఖాళీల వలన ముక్క స్పంజివలె బోలుగా తయారవుతుంది. 1960వ దశకంలో అమెరికాలో రూపుదిద్దుకొన్న పద్ధతి ఇది. వేడినీటిలో నానవేసి, రెండు మూడు పర్యాయాలు గట్టిగా పిండి, సోయా వాసనను వదిలించి, అల్లం వెల్లుల్లి ముద్దతో వేయిస్తే ఆ బోలుతనమే మసాలాను పీల్చుకొంటుంది. పంటికి తగిలే ఆ పీచుదనం కోసమే ఇంత శ్రమ.

మరి ఈ కూరను తినేవారెవరు? శాకాహారుల కొరకు పుట్టిన పదార్థమని పైకి తోచవచ్చును. కాని 2014 నాటి జాతీయ నమూనా నమోదు సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ నూటికి 98 మంది మాంసాహారులే. తరతరాలుగా శాకాహారులైన కుటుంబాలలోని పెద్దలలో పలువురు దీనిని ఇష్టపడరు. పంటి కింద మాంసాన్ని తలపించే ఆ గుణమే వారికి వెగటు. కంచరపాలెంలో మీల్ మేకర్ కూరను మక్కువతో తినేవారు నీసు రుచి తెలిసినవారు, నీసును ప్రేమించేవారు. మాంసాన్ని విడిచినవారి కంటె, కొన్ని దినాలపాటు దానికి దూరమైనవారికే ఈ ప్రత్యామ్నాయం ఎక్కువగా అవసరమైనది.

ఆ దూరానికి కారణాలు పలువిధములు. సోమవారమో, శనివారమో నీసు ముట్టని నియమం కొందరిది. కార్తికమంతా మానేవారు కొందరు. అయ్యప్ప మాల ధరించినవారికి 41 దినాల దీక్ష. ఇటువంటి నియమాన్ని పట్టుదలగా పాటించే ఇళ్లలో నీసు వండిన పాత్రలను వేరుగా పెట్టి, ఇల్లు కడుగుకొని దీక్ష ఆరంభిస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పాత్రను మార్చి, ఇల్లు కడిగి, అదే మసాలాతో అదే రుచిని తలచుకొంటూ తినడం నియమాన్ని పాటించినట్లేనా? నాలుకను అదుపు చేయడమే వ్రతమైతే నాలుకకు నకలును చూపించడమేమిటని పెద్దలు కొందరు ప్రశ్నిస్తారు. నిష్ఠ గలవారు ఉల్లి, వెల్లుల్లి కూడా వర్జిస్తారు గనుక వారి వంటలో మీల్ మేకర్‌కు పట్టే మసాలాయే ఉండదు. కాని పగలంతా బరువు మోసి ఇంటికి చేరిన శ్రామికుని నెల రోజుల ఆకలిని కూడా లెక్కలోనికి తీసుకోవలెను. ప్రాణిని చంపరాదన్న నియమానికి ఈ కూర వలన భంగం లేదు. నియమం మధ్యలో తెగిపోకుండ కాపాడినందుకు దానిని తప్పుపట్టడం అన్యాయమే అవుతుంది.

వ్రతంతో సంబంధం లేని కారణం మరొకటి ఉన్నది. అది చేతిలోని డబ్బు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినాలు, యంత్రపు పడవలపై చేపల వేట నిషిద్ధం. చేపలు గ్రుడ్లు పెట్టే కాలంలో వాటిని రక్షించడం ఆ నిషేధపు ఉద్దేశం. రేవు పట్టణమైనా ఆ రోజులలో మంచి చేప అందరికీ అందుబాటులో ఉండదు. ఆ వేసవిలోనే పనసకాయలు వస్తాయి. సింహాచలం కొండ పనసకు పేరుపొందినది. లేత పనసకాయను కత్తితో సన్నగా కొట్టి తీసిన పొట్టును ఆవ పెట్టి వండితే పెండ్లివిందులో గౌరవం పొందే కూర; ముక్కలుగా తరిగి మసాలాతో వండితే వేటమాంసాన్ని మరపించే కూర. యంత్రం కల్పించే పీచును పనసకు ప్రకృతియే ఇచ్చినది. అయితే పనసలో మాంసకృత్తులు స్వల్పం. రుచిలో గెలిచిన పనస పోషణలో సోయాకు చాలా వెనుక.

పోషణ విషయం కొంత నిదానంగా చూడవలసినది. పొడి మీల్ మేకర్‌లో సగానికి సగం మాంసకృత్తులే అన్నది నిజమే. కాని నానిన తరువాత అది తన బరువుకు రెండింతలకు పైగా నీటిని పీల్చుకొంటుంది. కాబట్టి కంచంలోని కూరను తూచి, పొట్లం మీది అంకెతో లెక్క కట్టరాదు. రక్తవృద్ధికి అవసరమైన బి12 విటమిన్, ప్రత్యేకంగా కలిపితే తప్ప, దీనిలో ఉండదు. పాలు, పెరుగు, గ్రుడ్లు తినే ఇంటికి ఇది పెద్ద లోపం కాదు. పేదవాని ఆహారానికి బలం చేకూర్చే గింజగా సోయాను గుర్తించి, గాంధీజీ 1935లో వార్ధాలో దానిని ఆశ్రమవాసుల భోజనంలో ప్రవేశపెట్టి పరీక్షించారు, హరిజన్ పత్రికలో దానిని గూర్చి వ్రాశారు. ఆయన వండించినది గింజనే.

పాశ్చాత్య దేశాలలో ఈ కథ వేరు దారిలో నడిచినది. జంతుహింస పట్ల విముఖత, పశుపోషణ వలన వాతావరణానికి కలిగే హాని పట్ల ఆందోళన అక్కడి వినియోగదారులలో పలువురిని ప్రత్యామ్నాయాల వైపు నడిపించినవి. 2016లో ఇంపాజిబుల్ ఫుడ్స్ అనే అమెరికా సంస్థ సోయా మొక్క వేరు బుడిపెలలో ఉండే ఎర్రని పదార్థాన్ని ఈస్టు ద్వారా తయారుచేసి, నెత్తురు రంగును, మాంసపు వాసనను తలపించే బర్గర్‌ను విడుదల చేసినది. 2019లో బియాండ్ మీట్ సంస్థ వాటాలను మదుపుదారులు ఎగబడి కొన్నారు. 2022 నుండి ఆ సంస్థ అమ్మకాలు తగ్గుముఖం పట్టినవి. అసలు మాంసం కంటె నకలుకు ఎక్కువ వెల చెల్లించడం అక్కడి సామాన్యునికి భారమైనది. కంచరపాలెం దుకాణంలోని పొట్లానికి ఆ ఇబ్బంది లేదు. దానికి నెత్తురు రంగూ అక్కరలేదు. ఇక్కడి వంటలో మాంసపు రుచి అనుకొనే దానిలో సగం ధనియాలది, లవంగాలది, నూనెలో ఎర్రగా వేగిన ఉల్లిపాయది.