వాలు పెరళ్లలో కాంక్రీటు నిలుపుగోడలు: మట్టి ఒత్తిడి, నీటి ఒత్తిడి, విస్తరణ శాస్త్రవేత్త పాత్ర

సారాంశం

కొండవాలు ఇళ్లస్థలాల్లో పెరటి మట్టిని ఆపడానికి కట్టే కాంక్రీటు నిలుపుగోడలు ఎక్కువగా వర్షాకాలంలోనే కూలుతాయి. గోడ వెనుక నిలిచిన నీరు మట్టి ఒత్తిడికి తోడుకావడమే ఇందుకు ప్రధాన కారణం. రెండు మీటర్ల గోడను ఉదాహరణగా తీసుకొని, మట్టి పొడిగా ఉన్నప్పుడు, తడిసి నీరు కారిపోతున్నప్పుడు, నీరు నిలిచినప్పుడు గోడ భద్రత ఎలా మారుతుందో ఈ వ్యాసం లెక్కకట్టి చూపుతుంది. నిర్మాణంలో పాటించవలసిన అంశాలను, పెరటి తోటల సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన విషయాలను వివరిస్తుంది.

ముఖ్య పదాలు: నిలుపుగోడ, భూపీడనం, నీటి రంధ్రాలు, వాలు భూములు, పెరటి తోట, ఇంకుడు గుంత

పరిచయం

వాలు భూమిలో మట్టిని, నీటిని నిలపడం సస్యశాస్త్రానికి కొత్త కాదు. సమోన్నత గట్లు, రాతి కట్టలు, మెట్ల సేద్యం మన పాఠ్యాంశాలే. అవే సూత్రాలు ఇంటి పెరటికి వచ్చేసరికి సివిల్ ఇంజనీరు విషయమని మనం పక్కన పెడుతున్నాము. విశాఖపట్నం వంటి నగరాల్లో ఖోండలైట్ శిల శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టి కొండవాలుల మీదికి ఇళ్లు పాకుతున్నాయి. వాలును తొలిచి చదును చేసి, ఎత్తు పల్లాల నడుమ గోడ కట్టి, పై భాగంలో తోట వేస్తున్నారు. ఆ తోట గురించి సలహా అడిగేది మనల్నే.

కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుడు అలాంటి పెరట్లో ఏ మొక్కలు వేయాలని నన్ను అడిగారు. మట్టి పరీక్ష చేయించి, పండ్ల మొక్కలు, వాటికి పాదులు, నీటి మోతాదు అన్నీ రాసి ఇచ్చాను. వాననీరు వృథా కాకుండా గోడకు రెండు గజాల దూరంలో ఒక ఇంకుడు గుంత తవ్వమని కూడా చెప్పాను. గోడలో నీరు బయటికి పోయే దారి ఉన్నదా అని మాత్రం అడగలేదు. ఆ అక్టోబరు వానలకు గోడ మధ్యలో ఉబ్బింది. మూడవ రాత్రి పది అడుగుల మేర కిందికి జారి పడింది. పగలు ఆ గోడ నీడన పిల్లలు ఆడుకుంటారు. పడింది రాత్రి కావడం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గోడకు ఒక్క రంధ్రం కూడా లేదని అప్పుడు చూశాను. నా సలహా శాస్త్రీయంగానే ఉన్నది, కాని అసంపూర్ణంగా ఉన్నది. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

అందరికీ అటువంటి అదృష్టం దక్కదు. 2019 డిసెంబరు 2న తమిళనాడులోని మేట్టుపాళయం సమీపంలో భారీ వర్షానికి ప్రహరీ గోడ కూలి పక్క ఇళ్లపై పడగా 17 మంది మరణించారు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం నాడు వర్షంలో గోడ కూలి ఏడుగురు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ప్రతి ప్రమాదానికీ దాని సొంత కారణాలు ఉంటాయి. అయితే వాన కురిసిన సమయమే గోడకు అసలు పరీక్ష అన్నది వీటన్నిటిలో సమానం.

గోడ మీద పనిచేసే బలాలు

గోడ వెనుక మట్టి లోతు పెరిగేకొద్దీ పక్కకు నెట్టే ఒత్తిడి పెరుగుతుంది. మట్టి బరువులో ఎంత భాగం పక్కకు ఒత్తిడిగా మారుతుందో దాని అంతర్గత ఘర్షణ కోణం నిర్ణయిస్తుంది. ఈ కోణం 30 డిగ్రీలు ఉన్న మట్టిలో, రాంకిన్ సిద్ధాంతం ప్రకారం, నిలువు ఒత్తిడిలో మూడో వంతు పక్కకు పనిచేస్తుంది. నీటికి అంతర్గత ఘర్షణ లేదు. అందువల్ల నీటి ఒత్తిడి ఏ తగ్గింపూ లేకుండా పూర్తిగా గోడ మీద పడుతుంది. నిలుపుగోడల శాస్త్రమంతా ఈ ఒక్క తేడా చుట్టూ తిరుగుతుంది.

పునాది అడుగు నుండి 2 మీటర్ల ఎత్తు గల గోడను తీసుకుందాము. వెనుక మట్టి సమతలంగా ఉన్నది, దాని మీద అదనపు బరువు లేదు. గోడ పొడవులో ప్రతి మీటరుకు పడే బలం ఇలా ఉంటుంది.

1. మట్టి పొడిగా ఉన్నప్పుడు (ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు): 12 కిలోన్యూటన్లు, అంటే సుమారు 1.2 టన్నులు.

2. మట్టి పూర్తిగా తడిసినా నీరు రంధ్రాల గుండా కారిపోతున్నప్పుడు (ఘనపు మీటరుకు 20 కిలోన్యూటన్లు): 13.3 కిలోన్యూటన్లు.

3. నీరు బయటికి పోలేక గోడ పైఅంచు వరకు నిలిచినప్పుడు: మునిగిన మట్టి నుండి 6.8, నీటి నుండి 19.6, మొత్తం 26.4 కిలోన్యూటన్లు, అంటే సుమారు 2.7 టన్నులు.

రెండవ స్థితికి, మూడవ స్థితికి నడుమ వాన ఒక్కటే, మట్టి ఒక్కటే. నీటికి దారి ఉన్నదా లేదా అన్నదే తేడా. ఆ తేడాతో బలం దాదాపు రెట్టింపు అయింది.

ఒకే గోడ, మూడు స్థితులు

ఈ బలాన్ని ఆపడానికి సాదా కాంక్రీటుతో బరువు గోడ కట్టినారనుకుందాము. పైన వెడల్పు 0.3 మీటరు, అడుగున 1.1 మీటర్లు, వెనుక ముఖం నిలువు, ముందు ముఖం వాలు. మీటరు పొడవు గోడ బరువు 33.6 కిలోన్యూటన్లు. అడుగున ఘర్షణ గుణకం 0.55 అనుకుంటే జారకుండా నిలిపే బలం 18.5 కిలోన్యూటన్లు. ముందు అంచు మీదుగా బోర్లపడకుండా ఆపే భ్రామకం 23.9 కిలోన్యూటన్ మీటర్లు. ఆచారంగా జారుడుకు భద్రతా గుణకం 1.5, బోర్లపాటుకు 2 ఉండాలని ఆశిస్తారు.

పొడి మట్టిలో జారుడుకు 1.54, బోర్లపాటుకు 3.0 వస్తాయి. గోడ క్షేమం. తడి మట్టిలో నీరు కారిపోతుంటే జారుడు గుణకం 1.39కి తగ్గుతుంది. గోడ నిలుస్తుంది, కాని కోరుకున్న భద్రత లేదు. కనుక తడి బరువుతోనే లెక్క వేసి అడుగు వెడల్పును 1.3 మీటర్లకు పెంచడం మంచిది. అప్పుడు గుణకం 1.58 అవుతుంది. ఇక నీరు నిలిచిన స్థితిలో 1.1 మీటర్ల గోడకు జారుడు గుణకం 0.70 మాత్రమే. బోర్లపాటు గుణకం 1.36కు పడిపోతుంది. పునాది కిందికి చేరిన నీరు పైకి నెట్టే ఒత్తిడిని కూడా కలిపితే 0.94 అవుతుంది. ఒకటికి తక్కువ అంటే గోడ నిలవదు.

వేసవిలో కట్టి, వేసవిలో చూసి, బాగున్నదని అనుకున్న గోడ అక్టోబరులో కూలడానికి కారణం ఈ అంకెల్లోనే ఉన్నది. మేస్త్రీ చేతిపని, సిమెంటు నాణ్యత లోపించకపోయినా గోడ కూలవచ్చు.

నిర్మాణంలో పాటించవలసినవి

పునాది: ముందువైపు నేలమట్టానికి కనీసం అర మీటరు లోతున, గట్టి సహజ నేల మీద పునాది ఉండాలి. వాలును తొలిచిన మట్టితోనే పల్లాన్ని పూడ్చి, ఆ పూడిక మీద గోడ కట్టడం తరచుగా జరిగే పొరపాటు.

నీటి దారి: గోడ వెనుక అడుగు నుండి పైవరకు సుమారు 30 సెంటీమీటర్ల మందాన కంకర పొర పరచాలి. సన్నని మట్టి కంకరలోకి చేరి పూడుకుపోకుండా నడుమ వడపోత వస్త్రం గాని, ఇసుక పొర గాని ఉండాలి. 75 నుండి 100 మిల్లీమీటర్ల పి.వి.సి. పైపు ముక్కలను బయటికి వాలుగా, ఒకటిన్నర మీటర్ల ఎడంతో, వరుస మార్చి వరుస అమర్చాలి. వీటినే మేస్త్రీలు వీప్ హోల్స్ అంటారు. కింది వరుస ముందువైపు నేలకు కొద్దిగా పైన ఉండాలి. 10 మీటర్ల గోడకు పై కొలతల ప్రకారం 14 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. దానితో పోలిస్తే 6 ఘనపు మీటర్ల కంకర, పదమూడు పైపు ముక్కల ఖర్చు స్వల్పం.

పూడిక: మొరం లేదా ఇసుక పాలు ఎక్కువగా ఉన్న గ్రావెల్ మట్టిని వాడాలి. 15 నుండి 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. గోడకు ఆనుకొని బరువైన రోలరు నడపరాదు. నల్లరేగడి మట్టిని గోడ వెనుక నింపకూడదు. అది నీటిని వదలదు, తడిసినప్పుడు ఉబ్బి గోడను నెడుతుంది, ఎండినప్పుడు పగిలి తర్వాతి వాననీటిని నేరుగా లోతుకు చేరుస్తుంది.

ఇనుము: ఎత్తు పెరిగితే బరువు గోడకు బదులు ఆర్.సి.సి. గోడ కడతారు. మట్టి నెట్టినప్పుడు నిలువు గోడలో సాగేది మట్టివైపు ముఖం. కనుక ప్రధాన కడ్డీలు మట్టివైపు ఉండాలి. కొన్నిచోట్ల వీటిని బయటివైపు కడుతున్నారు. ఆ ఇనుము అక్కడ ఉన్నా లేనట్లే.

కాంక్రీటు: ఆర్.సి.సి.కి ఎం20 శ్రేణికి తగ్గరాదు. ఐ.ఎస్. 456:2000 ప్రకారం ఎం20 నామమాత్రపు మిశ్రమంలో 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీరు వాడరాదు. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంట్లకు 10 రోజులు తడి ఆరకుండా చూడాలి.

ఎత్తు: బలం ఎత్తు వర్గంతోను, బోర్లవేసే భ్రామకం ఎత్తు ఘనంతోను పెరుగుతాయి. 2 మీటర్ల ఒక గోడకు బదులు మీటరు చొప్పున రెండు గోడలు మెట్లుగా కడితే ఒక్కొక్క దాని మీద పడే బలం నాలుగో వంతు, భ్రామకం ఎనిమిదో వంతు. నడుమ దూరం కింది గోడ ఎత్తుకు రెట్టింపు అయినా ఉండాలి. మెట్ల సేద్యం నేర్పే పాఠం ఇదే. 2 మీటర్లు దాటిన గోడకు, పైన ఇల్లు గాని దారి గాని ఉన్న గోడకు ఇంజనీరు డిజైను తప్పనిసరి. కొండ ప్రాంతాల నిలుపుగోడలకు ఐ.ఎస్. 14458 మార్గదర్శకాలు ఉన్నాయి.

పెరటి తోట యాజమాన్యం

కట్టిన తర్వాత గోడ భద్రత ఇంటివారి నీటి అలవాట్ల మీద ఆధారపడుతుంది. ఇక్కడ మన సలహాకు నేరుగా బాధ్యత ఉన్నది.

100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్ల నీరు వస్తుంది. ఆ గొట్టం గోడ వెనుక పెరట్లోకి వదిలితే ఎంత మంచి గోడకైనా అపాయమే. డాబా నీటిని గొట్టం ద్వారా గోడ దాటించి కింది కాలువలో కలపాలి. పైవాలు నుండి వచ్చే నీటిని పెరడు చేరకముందే అడ్డుకాలువ తవ్వి మళ్లించాలి.

ఇంకుడు గుంతను మనం అందరికీ సిఫారసు చేస్తాము. సమతలంలో అది మేలు. నిలుపుగోడ వెనుక అదే గుంత మూడవ స్థితిని మన చేతులతో తెచ్చి పెడుతుంది. గుంతను గాని, మరుగుదొడ్డి సోక్ పిట్‌ను గాని గోడకు దిగువన, పునాదికి దూరంగా పెట్టించాలి.

గోడ దగ్గర పాదులు కట్టి నీరు నింపే పద్ధతి మాని బిందుసేద్యం అమర్చాలి. గోడ అంచు వెంట వట్టివేరు, గడ్డిజాతి మొక్కలు, చిన్న పొదలు తగినవి. వట్టివేరు వేళ్లు అనుకూలమైన నేలలో రెండు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. మామిడి, పనస, వేప వంటి పెద్ద చెట్లను గోడకు దూరంగా నాటాలి. రంధ్రాలలో, పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొలకలను చిన్నగా ఉన్నప్పుడే వేళ్లతో సహా తీసివేయాలి.

క్షేత్ర సందర్శనలో అడగవలసిన ప్రశ్నలు

1. గోడలో రంధ్రాలు ఉన్నాయా? వాన తర్వాత వాటి గుండా నీరు వస్తున్నదా? భారీ వాన తర్వాత కూడా పొడిగా ఉన్న రంధ్రం పూడుకుపోయిందేమో చూడాలి.

2. రంధ్రాల నుండి బురదనీరు వస్తున్నదా? వస్తే వడపోత పొర పనిచేయడం లేదు, వెనుక మట్టి కొట్టుకుపోతున్నది.

3. గోడ ముందుకు వాలిందా, మధ్యలో ఉబ్బిందా? పైన గోడకు సమాంతరంగా నేల చీలిందా?

4. డాబా నీరు, వంటింటి నీరు, సోక్ పిట్ నీరు ఎటు పోతున్నాయి?

మూడవ ప్రశ్నకు అవునని జవాబు వస్తే మొక్కల సలహా ఆపి, గోడ దిగువన ఎవరూ ఉండకుండా చూసి, ఇంజనీరును పిలిపించమని చెప్పాలి.

ముగింపు

నిలుపుగోడ మట్టిని ఆపాలి, నీటిని ఆపరాదు. ఈ నియమాన్ని మేస్త్రీకి చెప్పేవారు కట్టే రోజున ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కాని తోట వేసే రోజున చాలా ఇళ్లలో అడుగుపెట్టేది విస్తరణ శాస్త్రవేత్తే. మట్టి నమూనా తీయడానికి పెరట్లోకి వెళ్లే ముందు ఒకసారి గోడ ముందువైపుకు వెళ్లి రంధ్రాలు చూడడం మన క్షేత్ర సందర్శన పద్ధతిలో భాగం కావాలి. విద్యార్థుల మృత్తికా జల సంరక్షణ ప్రయోగాలలో కూడా వాడుకలో ఉన్న ఒక నిలుపుగోడను కొలిచి, పైన చూపిన మూడు స్థితులకు భద్రతా గుణకాలు లెక్కించే అభ్యాసాన్ని చేర్చడం ఉపయుక్తం.